గట్టున పెట్టలేని ఒట్టు

చెర్రీవుడ్ ఫ్లాట్‌లో గిరీష్ ఆర్నెల్లుగా ఫైళ్ళు దాచుకునే ఒక కొత్త నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తున్నాడు. అది ఏ కంపెనీ చేతిలోనూ ఉండదు. అందులో దాచుకున్నది పరాయివాళ్ళు చూడలేరు, ఎవరూ చెరపలేరు.

ఈ ఉదయం అది తెరుచుకుంది.

"సుధా, వచ్చేసింది!"

భార్య సుధేష్ణ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నిజంగా ఎప్పటికీ చెరగదా?"

"మనమే తీసేద్దామన్నా కుదరదు. గ్రాండ్ కదా!"

"అయితే నా తలమీద చెయ్యిపెట్టి చెప్పు, రికార్డు చేసి అందులో పెడతా. శనివారం వంట నీదేనని. శుక్రవారం ఒట్టేస్తావు, తెల్లారేసరికి తీసి గట్టున పెట్టమంటావు."

గిరీష్ మెల్లగా లాప్‌టాప్ మూశాడు.

"ఇప్పుడే కదా వచ్చింది. ఇంకో ఆర్నెల్లు ఆగి చూద్దాం."