ఏడో ప్రశ్న

"మా బాపు పాము కరిచి సచ్చిండు," అన్నాడు సైదులు.

"వీని మాట రాయకు బిడ్డా," అంది పక్క కుర్చీలో ఉన్న తల్లి సత్తమ్మ. "ప్రోస్టేటు క్యాన్సర్‌తోని పోయిండు. అట్లనే రాయి."

ఫారం నింపుతున్న నర్సు సింధుజ పెన్ను ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మీ తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ ఈ జబ్బు ఉండేదా?

సైదులుకు తల కొట్టేసినట్టయింది. ఎంకపల్లిలో ఎవరినడిగినా చెప్తారు, అతను కడుపులో ఉండగానే తండ్రిని పొలం గట్టు మీద పాము కరిచిందని. నలభై ఎనిమిదేళ్లుగా ఆ మాట చెప్తూ వచ్చింది ఈ తల్లే. ఇప్పుడు ఉచిత పరీక్షల కోసం, పోయిన మనిషికి కొత్త చావు తెచ్చిపెడుతోంది!

దీనికంతటికీ కారణం పోయిన వారం ఊళ్లో జరిగిన మీటింగు. మొయినాబాద్‌లో ఈ దవాఖాన నడుపుతున్న డాక్టర్ జైపాల్ ఆ ఊరివాడే, పెద్ద పటేలు కొడుకు. మైకు పట్టుకుని దాపరికం లేకుండా మాట్లాడాడు. మూత్రసంచి కింద మగవాళ్లకుండే గ్రంథికి వచ్చే క్యాన్సర్‌తోనే తన తండ్రి పోయాడన్నాడు. తండ్రికి వస్తే కొడుక్కి కూడా వచ్చే భయం ఎక్కువన్నాడు. వాపు తగ్గించే మాత్రలు రోజూ వేసుకుంటే అది రాకుండా ఉంటుందేమో తేల్చడానికి పరిశోధన మొదలుపెట్టారట. తండ్రికి జబ్బున్న వాళ్లనే చేర్చుకుంటారు. ఆర్నెల్లకోసారి పరీక్షలు ఉచితం.

వెనక వరసలో కూర్చున్న సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. తెల్లారిన దగ్గర్నుంచి కొడుకు ప్రాణం తోడేసింది.

"నాకేం రోగమే అవ్వా?"

"వచ్చినంక పోతవా?"

అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో మాలి పనికి నాగా పెట్టి, పేర్లు రాసుకునే చివరి రోజున తల్లి వెంట వచ్చాడు సైదులు. వచ్చి ఇలా ఇరుక్కున్నాడు.

"తండ్రి రిపోర్టులు ఉన్నయా అవ్వా?" సింధుజ అడిగింది.

"నా తాన లెవ్వు."

"లేకుంటే రాయనీకి రాదు. ఉచితం అనంగనే అందరు గిట్లనే వస్తున్నరు."

"అందరి ముచ్చట నాకెందుకు? నీతోని కాకుంటే డాక్టర్‌ను పిలువు. నా కొడుకు పేరు రాసేదాక ఈ కుర్చీల నుంచి లేవ."

హాల్లో ఉన్న పాతికమందీ అటే చూశారు. ఎంకపల్లి వాళ్లే నలుగురున్నారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. సైదులు తల్లి చెయ్యి పట్టుకుని లాగాడు.

"ఇజ్జత్ పోతున్నది, లే అవ్వా. గా మాత్రలేందో మెడికల్ షాపుల కొనుక్కుంట."

"అట్ల మింగకు తమ్మీ," అంటూ గదిలోంచి జైపాల్ బయటికొచ్చాడు. "కడుపుల పుండ్లు పడ్తయి, కిడ్నీలు ఖరాబైతయి. అవి పని చేస్తయో లేదో మాకే ఇంక తెల్వదు. పరీక్షలైతే జరూర్ చేయించుకో." సత్తమ్మను చూసి దగ్గరికొచ్చాడు. "ఏంది సత్తమ్మవ్వా? సైదులు బాపును పాము కరిచిందని ఊరంత అంటరు గద?"

"ఊరికి చెప్పింది నేనే. ఇయ్యాల కాదంటున్నది నేనే."

"నలుగురు ఏమంటరు అవ్వా?" సైదులు గొంతు తగ్గించి బతిమాలాడు.

"అననియ్యి! నలుగురికి భయపడి బతికింది సాలు. వాళ్ల నోళ్లకు జడిసి నిన్ను మన్నుల పెట్టుకోవాల్నా?"

జైపాల్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "సరే అవ్వా. ఆయనకు రోగం ఎట్ల వచ్చిందో చెప్పు."

"రాత్రి పదిసార్లు లేస్తుండె. గోడ పట్టుకొని ఎంత సేపు నిలవడ్డ బొట్టు బొట్టే. అటెన్క నడుము పట్టుకున్నది. బొక్కలల్లకు పాకిందన్నరు. ఆఖరుకు దుప్పటి తగిలిన ఓర్వకపోతుండె. మజ్జిగ చెంచతోని పోస్తే గుటక పడకపోతుండె. పసిపిల్లగాని లెక్క నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు."

సైదులు చప్పున తల్లి వైపు తిరిగాడు. ఇది పెద్ద పటేలు రోగం! ఆయన మంచాన పడ్డ ఏడాదంతా పక్కనుండి చాకిరీ చేసింది సత్తమ్మే. ఎవరికీ తెలియదనుకుందా? పటేలు రోగాన్ని ఎత్తుకొచ్చి ఆయన కొడుక్కే అప్పజెబుతోంది! ఇప్పుడు గెంటేస్తారు. గెంటేసినా తప్పులేదు.

జైపాల్‌కు కోపం రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ మజ్జిగ చెంచా అతనికీ గుర్తున్నట్టుంది.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "నువ్వు చెప్పింది మా బాపు ముచ్చట. నేనడిగింది సైదులు వాళ్ల బాపు ముచ్చట."

సత్తమ్మ కొంగు సర్దుకుంది. గోడ మీద దండ వేసిన పెద్ద పటేలు ఫోటోను చూసింది. కిసుక్కున నవ్విన వాడి వైపు చూసింది. ఎక్కడా తల దించలేదు.

"రెండు ఒక్కటే బిడ్డా, రాస్కో!"