నాలుగో విస్తరి

ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా వెంకటరావు గ్లాసును గేటు పక్క గట్టు మీదే పెట్టేశాడు.

"దాహం లేదేటి?" అన్నాడు నూకయ్య.

"వద్దు మావా. మీ సుట్టాల్ని దింపేసినాను కదా, ఎల్తాను."

ఆటో వెనక్కి తిప్పుతుంటే నూకయ్య చూపు దాని ముందు భాగం మీద పడింది. ఎడమవైపు లైటు పగిలి ఉంది. రేకు లోపలికి నొక్కుకుపోయింది.

పది రోజులుగా కడుపులో రగులుతున్న మంటకి అప్పుడు ఒక మనిషి దొరికాడు.

పది రోజుల కిందట, సాయంత్రం వేళ మలంచా రోడ్డులో ఏదో బండి అతని ఒక్కగానొక్క కొడుకు కిరణ్‌కుమార్ స్కూటర్‌ని గుద్ది ఆగకుండా పోయింది. నూకయ్య ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. పోలీసులు "చూస్తున్నాం కాకా" అనడం తప్ప ఒక్క ముక్క చెప్పలేదు.

ఈ బెంగాల్ ఊరి రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన చెయ్యి అది. రిటైరయ్యాక కూడా పాత సుత్తి దాచుకున్నాడు. "ఆడు దొరికిన రోజున ఈ సుత్తితోనే ఆడి ఎముకలు ఇరుస్తాను" అని కొడుకు ఫొటో ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

క్వార్టరు ఖాళీ చేసి సుభాష్‌పల్లిలో అద్దెకు దిగి నెల కాలేదు. చుట్టాలు పలాస నుంచి రావాలి. కోసి కుట్టిన శవాన్ని అంతసేపు ఉంచే వీల్లేదు.

అలాంటప్పుడు ముక్కూ ముఖం తెలియని నలుగురు వచ్చి పాడె ఎత్తారు. సందు చివర టీ కొట్టు బిశు దాదా, ఇస్త్రీ బండి అతను, ఎదురింటి బెంగాలీ మాస్టారు, ఆస్పత్రి నుంచి శవం వెంటే వచ్చిన ఝపటాపూర్ వైపు ఆటో నడిపే ఈ వెంకటరావు.

దేవుడు పంపిన మనుషులనుకున్నాడు నూకయ్య.

"మా ఓడు నీకెలా తెలుసు బావు?" అని ఆ రోజే అడిగితే, "రోడ్డు మీద సూసినాను మావా" అని వెంకటరావు తల దించుకున్నాడు.

ఎందుకు దించుకున్నాడు?

మొదటి మూడు రోజులూ ఇంట్లోకి వచ్చి రెండు గుక్కల్లో టీ తాగి, ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయేవాడు. నాలుగో రోజు రాలేదు. ఐదో రోజు నుంచి సామాన్లు తెస్తున్నాడు, గేటు దగ్గరే దింపుతున్నాడు. గడప తొక్కడు, పచ్చి మంచినీళ్లు ముట్టడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా!

"సంపినోడి గొంతులో ఈ ఇంటి నీళ్లు ఎలా దిగుతాయే?" అన్నాడు భార్య గంగాభవానితో.

"మంచోడిని అనకు. నోరు పడిపోద్ది" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"రేపు తేలిపోద్ది."

మర్నాడు పెద్దరోజు, పదకొండో నాటి కర్మ. మొదటి బంతి పాడె మోసిన నలుగురిదే. వాళ్లు తిని లేస్తేనే పోయినవాడి ఆకలి తీరుతుందని నూకయ్య వాళ్ల వైపు నమ్మకం. పెరట్లో నాలుగు విస్తర్లు వేశారు. ముగ్గురు కూర్చున్నారు. నాలుగోవాడు అరిటాకులు దింపి గేటు బయటే నిలబడ్డాడు.

నూకయ్యే వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"రా. నా కొడుకు కోసం ఒక్క ముద్ద."

"తినకూడదు మావా."

"ఎందుకు?"

వెంకటరావు లోపల దండ వేసిన ఫొటోకేసి చూశాడు. "ఇయ్యాల సెప్పను. మీ కార్యం కానియ్యండి."

"ఆ లైటు ఎక్కడ పగిలింది?"

"మలంచా రోడ్డులో. ఆ రోజే."

అంతే. పంచె మడతలోంచి సుత్తి బయటికొచ్చింది. మొదటి దెబ్బకి ఆటో కుడివైపు లైటు కూడా భళ్లుమంది. రెండో దెబ్బ వెంకటరావు తల మీదే పడేది, మాస్టారు అడ్డుపడ్డాడు. బిశు దాదా విస్తరి ముందు నుంచి లేచొచ్చి "ఖూనీకోర్!" అంటూ కాలరు పట్టుకున్నాడు. పాడె మోసిన చేతులే అతన్ని నేలకేసి కొట్టాయి.

వెంకటరావు చెయ్యెత్తలేదు. చిట్లిన పెదవి తుడుచుకున్నాడు.

"మీ కడుపుకోత నాకు తెలుసు మావా."

"నీకెలా తెలుస్తాదిరా? నీకేటి పోయిందిరా?"

అతను ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. మాస్టారు బండి నంబరు రాసుకున్నాడు. నూకయ్య నాలుగో విస్తరి ఎత్తి వీధికుక్కకి విసిరేశాడు. పదకొండు రోజుల తర్వాత అతని గుండె చల్లబడింది.

ఆ చల్లదనం అరగంట కూడా నిలవలేదు.

ఆస్పత్రిలో ఆయా ఎస్తేరమ్మ గేటు తెరుచుకుని వచ్చింది. చేతిలో కిరణ్ వాచీ.

"బాబుది అన్నా. ఆ రోజు వార్డులో ఉండిపోయింది." చుట్టూ చూసింది. "ఆటో వెంకటరావు రానేదా?"

"ఆడే నా కొడుకుని గుద్దినోడు. తన్ని తరిమినాం."

ఎస్తేరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎంత పాపం అన్నా! గుద్దింది ఇసక లారీ. ముందు మీ బాబుని, ఆనక ఆయన ఆటోని. ఆటోలో ఆయన కూతురుంది, పదో తరగతి గుంట. దెబ్బలు తగిలిన ఇద్దర్నీ అదే ఆటోలో ఏసుకొచ్చినాడు. గుంట నాలుగో రోజున పోయింది. మైల్లో ఉన్న మనిసి మీ ఇంట మెతుకెలా ముడతాడు?"

నూకయ్య చేతిలోని సుత్తి కాళ్ల దగ్గర పడింది.

"మరి సెప్పనేదేటి?" అన్నాడు.

"ఆయన తీరే అంత అన్నా. ఆ రోజు స్ట్రెచరు ఒక్కటే ఉంటే, 'నా గుంటకి నానున్నాను, ఆ బాబుకి పక్కన ఎవులూ నేరు, ముందు ఆ బాబుని తీసుకెల్లండి' అని, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూకుండిపోయినాడు."