వసపిట్ట

“అత్తా, ఇక్కడ రాయి తడిగా ఉంది, రాత్రి చినుకులు పడ్డట్టున్నాయి. అదుగో, లూచియో వాళ్ళ దూడని దారికి అడ్డంగా కట్టేశారు. తాడు మోకాళ్ళ ఎత్తున ఉంది, బుద్ధి లేకపోతే సరి.”

కోడలు ఇర్మా ముందు నడుస్తూ వాగుతూనే ఉంది. ఒర్సొలా బుట్ట చంకన పెట్టుకుని తడిరాయి పక్కనుంచి నడిచింది, దూడ తాడును ఒడుపుగా దాటింది. ఈ కొండ కింద పుట్టి పెరిగిన తనకు దారి చెప్పడానికి ఈ పిల్ల ఎవరని విసుక్కుంది. చెప్పకపోతే దూడ మీద పడేదాన్నే అని కూడా అనుకుంది గానీ, ఆ ముక్క మనసులోనే మింగేసింది.

ఒర్సొలా కళ్ళకు పొర కమ్మి ఏడాది కావస్తోంది. వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనడం లేదు. ఆ సంగతి కన్నకొడుకు బేపికి కూడా తెలియనివ్వలేదు. తెలిస్తే తెడ్డు పోతుంది.

ఆ ఊళ్ళో పొలెంతా అనే మొక్కజొన్న సంకటి కలిపే తెడ్డు ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళది. సంకటి ఎవరైనా వండుతారు, కానీ బల్ల మీద బోర్లించిన ముద్దను దారంతో కోసి ఎవరి వాటా వాళ్ళకు పెట్టేది ఇంటి పెద్దావిడే. తెడ్డు కోడలికి ఇచ్చేసిన అత్త పొయ్యి మూలనున్న పీట మీదకు చేరుతుంది. ఇక ఆవిడను ఎవరూ ఏమీ అడగరు. తన అత్త అలా కూర్చుని కూర్చునే పోయింది. ఆ పీట ఎక్కే ఉద్దేశం ఒర్సొలాకు ఎంతమాత్రం లేదు.

అందులోనూ ఈరోజు సెయింట్ మార్కో పండగ. ఇర్మా తల్లి కాతినా పెళ్ళి తర్వాత మొదటిసారి భోజనానికి వస్తోంది. వియ్యపురాలి ముందు పొలెంతా ఉండకట్టిందో, కూర మాడిందో, పరువు ఏట్లో కలిసినట్టే.

ఒర్సొలా గట్టు మీద వంగి, వేళ్ళతో తడిమి కూర కోసింది. దూలగొండి చిగుళ్ళు చురుక్కుమని తమ పేరు తామే చెప్పుకున్నాయి. గసగసాల మొక్కల లేతాకులు నూగుగా తగిలాయి. అడవి వెల్లుల్లి వాసనే చాలు. వేళ్ళకు కళ్ళుంటే ఇక మొహాన ఉన్నవాటితో పనేమిటని తనను చూసి తనే మురిసిపోయింది.

ఇర్మా నోరు మాత్రం ఆగలేదు. పెళ్ళినాడు నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. కొత్త కోడలి సిగ్గు కాబోలని అందరూ ముచ్చటపడ్డారు. పోయిన చలికాలం ఒకసారి ఒర్సొలా గుప్పెడు పిండి కుండలో పోయబోయి నిప్పుల్లో పోసింది, పిల్లి కాళ్ళకు అడ్డం పడిందని తిట్టింది. సుమారుగా అప్పటినుంచే ఈ పిల్ల సిగ్గు వదిలిపోయి నోరు తెరుచుకుంది. తెల్లారి లేస్తే చాలు, వస పోసినట్టు ఒకటే వాగుడు.

ఇంటికొచ్చి కూర బల్ల మీద పోసి ఏరుతున్నారు. అప్పటికే ఒర్సొలా చేతులంతా వెల్లుల్లి కంపు. ఏ ఆకు ముక్కు దగ్గర పెట్టినా అదే వాసన.

“అత్తా, ఇదేంటి, వెల్లుల్లిలాగే ఉంది గానీ మూడాకులూ ఒకే కాడని పట్టుకుని ఉన్నాయి,” అంది ఇర్మా. “గొడ్లు తిని చచ్చే ఆకు కదూ?”

 ఆ ఆకు ఒర్సొలా బుట్టలోనిదే. వియ్యపురాలితో సహా ఇంటిల్లిపాదినీ చంపేదే. అయినా ఒర్సొలా ఏరడం ఆపలేదు.

“నువ్వు చూస్తావో లేదో అనే వేశా.”

“అదే అనుకున్నా,” అంది ఇర్మా, ఆకును పొయ్యిలో పడేస్తూ.

నీళ్ళు మరిగే చప్పుడు ఒర్సొలా చెవులకు కొట్టినపిండి. గుప్పిట్లోంచి పిండి సన్నగా జారవిడుస్తూ తెడ్డు తిప్పింది. పక్కన ఇర్మా పంది కొవ్వులో కూర వేయిస్తూ, సంకటి అంచులు వదులుతోందనీ, ఎండుగడ్డి రంగుకొచ్చిందనీ తనలో తనే అనుకున్నట్టు పైకి అంటూనే ఉంది. బోర్లించే వేళకు, “ఈయనొకడు, బల్ల నడిమధ్య సీసా పెట్టాడు,” అని మొగుణ్ణి తిడుతూ సీసా తీసేసింది. ఒర్సొలా రాగి కుండ ఎత్తి ఒక్క ఊపున బోర్లించింది. పొలెంతా పున్నమి చంద్రుడిలా బల్ల మీద కూర్చుంది.

కాతినా కడుపారా తింది. నాలుగూళ్ళ పొలెంతా రుచి చూశాను గానీ ఇలాంటిది ఎక్కడా తినలేదు, చేదు కూరలో కూడా తీపి తెలుస్తోంది అంది. ఒర్సొలా దారం బిగించి ఇంకో ముక్క కోసి ఆమె పళ్ళెంలో వేసింది. కడుపు నిండా గర్వం. పీట ఎక్కడం ఇప్పట్లో లేదు. కాతినా మాత్రం ఎందుకో మధ్యమధ్యలో తినడం ఆపి, కూతురు వాగుతుంటే వింటోంది.

గ్లాసుడు ద్రాక్షసారా దిగాక ఒర్సొలాకు వేళాకోళం పుట్టింది.

“మీ అమ్మాయి బంగారం వదినా, పనిలో వంక పెట్టలేను. కానీ ఆ నోరే, పొద్దున తెరిస్తే రాత్రి పడుకునేదాకా మూతపడదు. అత్తారింటికి పంపాక మీ చెవులకి విశ్రాంతి దొరికుంటుంది.”

బేపి నవ్వాడు. కాతినా నవ్వలేదు. పొద్దుటినుంచి మొదటిసారి ఇర్మా మాట ఆగిపోయింది.

“మా ఊళ్ళో దీన్ని మూగిపిల్ల అనేవాళ్ళు వదినా.”