దిడ్డి తలుపు

ఆ తలుపు తీసింది దేవుడా, మనిషా?

సూర్యకళను చిన్నప్పటి నుంచీ వదలని అనుమానం అది.

గోదావరి గట్టు తెగిన ఏడాది ఊరంతా మెరకపాలెం కోటకు పరుగెత్తింది. పెద్ద తలుపులు మూసి ఉన్నాయి. ఎంత అరిచినా లోపలి నుంచి పలుకు లేదు. నీళ్లు పెద్దవాళ్ల నడుములకు వచ్చేసరికి, ఆ పెద్ద తలుపులోనే ఉన్న చిన్న దిడ్డి తలుపు తెరుచుకుంది. ముసురు చీకట్లో ఒక చెయ్యి ఆమె నడినెత్తి మీద ఆని, లోపలికి పంపింది.

ముఖం కనిపించలేదు. చెయ్యి ఒక్కటే గుర్తు.

"వాడపల్లి వెంకన్నే వచ్చి నీ తల మీద చెయ్యి పెట్టాడే" అనేది అమ్మ.

"దేవుడి చెయ్యి అంత గరుగ్గా ఉంటుందా అమ్మా?"

"లెంపలేసుకో ముందు!"

తలుపు తీసిన స్వామికి ఆ గడప దగ్గరే కాయ కొట్టి, అరటిపళ్లు పెడతానని అమ్మ మొక్కుకుంది. తర్వాత కోట ఏళ్ల తరబడి తాళాల్లోనే ఉండిపోయింది. మొక్కు తీరకుండానే అమ్మ పోయింది.

ఈ మధ్య కోట చూడ్డానికి జనాన్ని రానిస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి సూర్యకళకు కాలు నిలవలేదు. భర్త ఉదయభాస్కర్‌ను బయలుదేరదీసింది. దారిలో రావులపాలెంలో ఆగి చక్రకేళీ అరటిపళ్ల అత్తం, కొబ్బరికాయ కొంది.

కోట ముందు కారు ఆగీ ఆగకముందే ఒక ముసలాయన ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి. చెప్పులు ఎడం పక్కన వదలండి, కుడి పక్కనైతే కోతులు పట్టుకుపోతాయి. మంచినీళ్లు ఇక్కడే తాగెయ్యండి, లోపల లేవు. ముందు మేడెక్కి రండి బాబూ, ఎండెక్కితే పైన కాళ్లు కాల్తాయి. అద్దాల గది తొందరగా చూసెయ్యండి. తాళాలాయన భోజనానికెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు."

"టిక్కెట్లు కూడా నువ్వే ఇస్తావా ఏంటి?" అన్నాడు ఉదయభాస్కర్.

"అబ్బే, నేను బయటోణ్ణండి."

"చూస్తూండు, ఇలా చెప్పీ చెప్పీ ఆఖర్న చెయ్యి చాపుతాడు" అన్నాడతను భార్యతో, ముసలాయనకు వినబడేలాగే.

సూర్యకళ ఇవేమీ వినడం లేదు. రాహుకాలం ముంచుకొస్తోంది.

టిక్కెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయి సారిక సంచీ చూసి ఆపేసింది.

"పూజసామాను లోపలికి కుదరదండి."

"లోపలికొద్దమ్మా. ఆ గడప దగ్గరే కాయ కొట్టుకుంటాను."

"గడప దగ్గరా కుదరదండి. మొన్నొకాయన హారతిచ్చి తలుపంతా మసి చేసేశారు."

"మా అమ్మ మొక్కమ్మా. ఒక్క నిమిషం."

"అందరూ ఒక్క నిమిషమే అంటారండి. నా ఉద్యోగం పోద్ది."

"పద, దారిలో ఏ గుళ్లోనో కొట్టేద్దాం" అన్నాడు ఉదయభాస్కర్.

"ఈ గడపకి మొక్కింది గుళ్లో చెల్లుతుందా అండీ?"

వాదనలోనే రాహుకాలం వచ్చేసింది.

ఇక చేసేదేం లేదు. గుమ్మం బయట బల్ల మీద కూర్చున్న ముసలాయన చేతిలో సంచీ పెట్టేసింది.

"తీసుకోండి బాబాయిగారూ."

ఆయన సంచీలోకి చూసి తటపటాయించాడు.

"దేవుడికి పెట్టినయ్యా అమ్మా? ఏమీ అనుకోకండి. మేం చర్చికెళ్లేవాళ్లం, ప్రసాదం పుచ్చుకోం."

"పెట్టనిస్తేగా! ఉత్త పళ్లేనండి."

"అయితే తింటానమ్మా. కాయ మా అమ్మాయి పచ్చడి చేస్తుంది."

ఆయన కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, ఆ తర్వాతే పండు ఒలిచాడు.

సూర్యకళ విసవిసా దిడ్డి తలుపు వైపు నడిచింది.

"తల వంచమ్మా!"

ఆమె వంచలేదు. ముసలాయన గబుక్కున లేచొచ్చి, గడప ఇవతల నుంచే చెయ్యి చాపాడు. ఆమె నెత్తి గుమ్మం పై చెక్కకు తగలకుండా ఆ అరచేతికి తగిలింది.

ఆమె వెనక్కి కూడా చూడకుండా లోపలికెళ్లిపోయింది.

మేడ ఎక్కింది, దిగింది. ఒక్కటీ మనసుకెక్కలేదు. అద్దాల గదిలో తనను చూసుకుంటే, తన చెయ్యి తన నడినెత్తి మీదే ఉంది.

గరుగ్గా తగిలిన చోట.

"ఏమైందే?" అని ఉదయభాస్కర్ పిలుస్తున్నా ఆగకుండా బయటికి పరుగెత్తింది.

బల్ల ఖాళీగా ఉంది. కింద అరటితొక్క.

"ఇందాకటి బాబాయిగారేరమ్మా?"

"జ్ఞానప్రకాశంగారా? వాళ్లమ్మాయొచ్చి ఆటోలో తీసుకెళ్లిపోయిందండి. ఇంక భీమవరంలో ఆవిడ దగ్గరే ఉంటారు. ఇటు రారు" అంది సారిక.

"ఇక్కడ పనిచేసేవారా?"

"ఎప్పుడోనండి, రాజావారి రోజుల్లో. గుమ్మం కాపలా. మళ్లీ ఈ గడప తొక్కొద్దని గెంటేశారంట. ఇప్పుడు మేమెంత రమ్మన్నా దాటరు. 'సరేనని మాటిచ్చానమ్మా' అంటారు. వచ్చినవాళ్లకి బయటి నుంచే అన్నీ చెప్తుంటారు."

"ఎందుకు గెంటేశారు?"

"వరదలో రాజావారు వద్దన్నా ఈ దిడ్డి తలుపు తీశారంటండి. తోపులాటలో పై చెక్క తగులుద్దని, పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టి వంచి మరీ లోపలికి పంపారంట."

వెనకే వచ్చిన ఉదయభాస్కర్ అంతా విన్నాడు.

"రాహుకాలం అయ్యాక, ఎక్కడైనా కాయ కొడదామా?" అన్నాడు మెల్లిగా.

"అక్కర్లేదండి" అంది సూర్యకళ, ఖాళీ బల్ల వైపే చూస్తూ. "అమ్మ మొక్కు చెల్లిపోయింది."

ఆ తలుపు తీసినవాడే, కళ్లు మూసుకుని తన దేవుణ్ణి తలుచుకుని మరీ, ఆ పండు తిన్నాడు.