ఎవరి తప్పు

"నా మీదున్న పగ నా బిడ్డ మీద తీర్చుకోకు, సుమంగళా," అన్నాడు బస్వరాజ్.

పన్నెండేళ్ల కింద ఫుట్‌బాల్ జట్టు ఎంపికలో సుమంగళ పేరు కొట్టేసింది అతనే. ఇప్పుడామె నారాయణఖేడ్‌లో ఆడపిల్లల కాలేజీ జట్టుకు హెడ్ కోచ్. అతని కూతురు వినోద ఆ జట్టు ఎంపికకే వచ్చింది.

"ఆనాడు నా ఆటల ఏం తక్కువుండె, సార్?"

అతను తల దించుకున్నాడు. "ఏం తక్కువ లేదు. నువ్వే అందరికన్న మంచిగ ఆడినవ్. మా అక్క బిడ్డ కోసం నీ పేరు తీసేసిన."

పన్నెండేళ్లుగా సుమంగళ తన కాళ్లనే తిట్టుకుంది.

జాబితాలో మొదట, ఆ రోజు అందరికన్నా బాగా ఆడిన వినోద పేరే రాసింది. బస్వరాజ్ చేతులు జోడించాడు.

"దండం నాకొద్దు. గ్రౌండ్‌ల పిల్లలందరున్నరు. గీ మాట వాళ్ల ముందట చెప్పు," అంది సుమంగళ. "వినోద కూడ ఇననీ."