అడ్డంపడ్డ తాత

“తాత మళ్లీ అడ్డంపడ్డాడు మేడమ్!”

లిఫ్టులను నడిపే సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు అది. ఎవరు ఏ మార్పు చేసినా కంప్యూటరే టెస్టులన్నీ నడిపి, అన్నీ పాసైతేనే ముందుకు వదులుతుంది. వాటిలో ఒకటి మరీ నత్తనడక. కరెంటు పోతే లిఫ్టు దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తీస్తుందా లేదా అని తీరిగ్గా చూస్తుంది. పాతవాళ్లెవరో దానికి ‘తాత’ అని పేరు పెట్టి వెళ్లారు.

ఈ వారం కొత్త మార్పు తాత దగ్గరే ఆగిపోతోంది. తప్పు మార్పులోనే ఉందేమోనని ఎవరికీ తోచలేదు. టీమంతా బోనులో పడ్డట్టు కూర్చుంది.

“ముసలాడికి ఓపిక అయిపోయినట్టుంది,” అన్నాడొకడు.

“అయితే సాగనంపేద్దాం,” అంది టీమ్ లీడర్. ఆ టెస్టు తీసేసింది.

మిగతావన్నీ చకచకా పాసయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మార్పు ఎప్పటిలాగే ముందు తమ బిల్డింగు లిఫ్టుకే వెళ్లింది.

సాయంత్రం ఆమె లిఫ్టెక్కింది. లోపల ఎవరో పెద్దాయన.

రెండంతస్తుల మధ్య కరెంటు పోయింది.

చీకటి. ఆమె తలుపు దబదబా బాదింది.

“కంగారు పడకమ్మా. అదే కిందికి దిగి తెరుచుకుంటుంది.”

“మీకెలా తెలుసు?”

“ఈ కంపెనీవాళ్లే మాటిచ్చారు. ఏం మార్చినా ముందు అది చూశాకే వదులుతారట.”

ఆమె తడుముకుని అలారం బటన్ నొక్కింది.

లిఫ్టు కదల్లేదు. ఉక్కపోత. పెద్దాయనకు ఆయాసం మొదలైంది. అయినా ఆమెనే ఓదారుస్తున్నాడు.

“ఇంకాస్సేపేనమ్మా... తప్పకుండా తెరుచుకుంటుంది.”

చీకటికన్నా ఆ నమ్మకమే ఆమెకు ఊపిరాడనివ్వలేదు.

“తెరుచుకోదండీ,” అంది చివరికి. “ఆ చూసేదాన్ని... పొద్దున నేనే తీసేశాను.”

ఆయన ఎగశ్వాస ఒక్కటే వినిపించింది.

చాలాసేపటికి మెకానిక్ వచ్చి తలుపు బలవంతంగా తెరిచాడు. పెద్దాయనను చూసి బిత్తరపోయాడు.

“అయ్యో, మళ్లీ మీరేనా!”

పెద్దాయన గోడ పట్టుకుని, మెల్లగా మెట్లవైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

“ఎవరాయన?” అడిగింది ఆమె.

“చాలా ఏళ్ల కిందట ఇదే లిఫ్టులో భార్యతో ఇరుక్కుపోయారు మేడమ్. ఆవిడకి గుండెనొప్పి. తలుపు తీసేసరికే అంతా అయిపోయింది. పాపం, కేసు కూడా పెట్టలేదు. ‘ఇంకెవరికీ ఇలా జరక్కుండా చూడండి’ అన్నారంతే. అప్పుడప్పుడూ వచ్చి, ఒకసారి ఎక్కి దిగి వెళ్తుంటారు.”

మెకానిక్ పనిముట్లు సంచిలో వేసుకున్నాడు.

“మీ పాతవాళ్లకి ఆయనంటే ప్రాణం. అందరూ ‘తాతా’ అనే పిలిచేవాళ్లు.”