దొరసాని పూలకూజా

"అది తప్ప ఇంకేదన్నా అడుగు పంకజం," అంది నాగరత్నమ్మ, దసరా బొమ్మల కొలువు మెట్లకు అడ్డంగా నిలబడి. "వెండి కుంకుమ బరిణె ఇస్తానంటివి. కంచిపట్టు చీర ఇస్తానంటివి. ఒక గాజు చెంబుకా ఇంత? నీకేమన్నా పిచ్చి పట్టిందా మే?"

పట్టింది. పంకజాక్షికి గాజు పూలకూజాల పిచ్చి. యుద్ధం ముగిసి, చిత్తూరులో దొరలు ఒక్కొక్కరే మూటాముల్లె కట్టుకుంటున్న రోజులవి. వాళ్ళు సామాను అమ్ముకునే చోటికల్లా మొగుణ్ణి తరిమి తరిమి, అత్త సణుగుతున్నా వినకుండా ఇంట్లో పన్నెండు కూజాలు పోగు చేసింది. నీలంవి, చిలకపచ్చవి, పాలమీగడ రంగువి. పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచి, ఎండ పడే కిటికీలో వరసగా పెట్టుకుని మురిసిపోయేది. కానీ ఇలాంటిది ఒక్కటి లేదే! దానిమ్మగింజ ఎరుపు. ఒంటి చుట్టూ బంగారు ద్రాక్షతీగ. అంచు పూరేకులాగా మడతలు మడతలు. అంత చక్కనిదాన్ని తెచ్చి నాగరత్నమ్మ తిరుపతి కొయ్యబొమ్మల జంటకీ, బొజ్జ చెట్టిబొమ్మకీ నడుమ ఇరికించి, నాలుగు నెమలీకలు గుచ్చి పెట్టింది.

"దొరసాని సామాను అమ్ముతా ఉంటే మా ఆయన తెచ్చినాడు. కొలువులో పెట్టింది ఇచ్చేది లేదు," అంది నాగరత్నమ్మ. "పేరంటానికి వచ్చినావు. ఒక పాట పాడి, గుగ్గిళ్ళు తీసుకోని పో."

"గొంతు బాగలేదక్కా. ఒక్కసారి చేతికియ్యి, చూసి ఇచ్చేస్తా."

ఇచ్చింది. పంకజాక్షి దాన్ని వాకిలి వెలుతురుకు పట్టుకుంది. ఎర్రటి వెలుగు ముంజేతుల మీదుగా పారి రవికె దాకా వచ్చింది. ఇక దాన్ని వదిలిపెట్టి పోవడం ఆమె వల్ల కాదు. అప్పుడు, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏమో, వండి వార్చిన అబద్ధం ఒకటి నోట్లోకి వచ్చేసింది.

"అయ్యో అక్కా! ఇది ఏందో నీకు తెలీదా?"

"ఏంది?"

"గోరీల తోట పక్క ఎప్పుడూ పోలేదా నువ్వు? దొరలు వాళ్ళ గోరీల మీద పూలు పెట్టేది దీంట్లోనే! దీన్ని తెచ్చి అమ్మవారి ముందర పెట్టినావా?"

నాగరత్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నిజమా మే?"

"అమ్మవారి ముందర నిలబడి అబద్ధం చెప్తానా?" అంది పంకజాక్షి, అమ్మవారి వైపు చూడకుండా.

"అందుకేనా మొన్న ఆయనకు కాలు బెణికింది! నిన్న పాలు ఇరిగిపాయె! పొద్దున్నే పిల్లి కూడా ఒక మాదిరిగా చూసింది!"

"పిల్లులకు తెలిసిపోతుందక్కా. నువ్వేం భయపడొద్దు. నేను తీసుకోనిపోయి నీవా ఏట్లో కలిపేస్తా. నీకోసం ఆ మాత్రం చెయ్యలేనా?"

నాగరత్నమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "తోడబుట్టింది గూడా ఇంత చెయ్యదు మే. కానీ నువ్వు దాన్ని ముట్టుకుంటివే! గోరీ సామాను ముట్టినాక తలకు పోసుకోకుండా నిన్ను గడప దాటనిస్తానా? ఒసే చెంగమ్మా! ఇద్దరికీ నీళ్ళు కాగబెట్టు!"

పనిమనిషి చెంగమ్మ పరుగెత్తింది. నాగరత్నమ్మ వంటింట్లోంచి పట్టకారు తెచ్చి, మొహం అటు తిప్పుకుని, పంకజాక్షి కింద పెట్టిన కూజాను మెడ పట్టి ఎత్తి వసారాలో గంపలో పెట్టింది. కొలువంతా పసుపునీళ్ళు చల్లింది. పంకజాక్షి కింది పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. స్నానమే కదా! ఆ కూజా కోసం నీవా ఏట్లో మూడు మునకలు వెయ్యమన్నా వేసేది.

నీళ్ళగదిలో శీకాయ రుద్దుకుంటూ, మనసులోనే తన ఇంటి కిటికీలో దానికి చోటు వెతుక్కుంది. నీలందాన్ని పక్కకు జరపాలి. వద్దు, పాలమీగడదాన్ని. నడిమధ్యన ఎర్రది! పొద్దున ఎండ తగిలితే గోడంతా కుంకుమే! అంతే, గొంతు బాగలేదన్న మనిషి గొంతెత్తి పాడింది. ఒకటి కాదు, మూడు పాటలు. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ తాళం కూడా వేసింది.

నాగరత్నమ్మ ఇచ్చిన పొడిచీర కట్టుకుని, తడిజుట్టు విదిలించుకుంటూ వసారాలోకి వచ్చింది. గంప లేదు.

"గంప యాడక్కా?"

"చెంగమ్మ నెత్తిన పెట్టి పంపించేసినా."

పంకజాక్షి వసారా అంచుకు ఉరికింది. "ఏటికా?"

"ఏటికెందుకు? మీ ఇంటికే. నాలుగిండ్ల అవతలే కదా, ఈపాటికి ఇచ్చేసుంటుంది."

పంకజాక్షి ఉండబట్టలేక నాగరత్నమ్మను రెండు చేతులా వాటేసుకుని గిర్రున తిప్పింది. "మా బంగారు అక్కవే నువ్వు!"

"వదలవే, కళ్ళు తిరగతాండాయి! నువ్వు నాకింత మేలు చేస్తే, నేను నీకు చెయ్యొద్దా? నా ఇంట్లో ఒకటుందని ఇంత తపన పడినావు గానీ, నీ ఇంట్లో పన్నెండు ఉండాయనే మాటే మరిచిపోయినావు, పిచ్చిదానా! అందుకే మీ యత్తకు అంతా ఇవరంగా చెప్పి రమ్మన్నా."

పంకజాక్షి చేతులు జారిపోయాయి.

అంతలో చెంగమ్మ ఖాళీ గంప చంకనేసుకుని రొప్పుతూ వచ్చింది.

"పదమూడూ రోకలితో పిండి చేసేసిందమ్మా మీ యత్త. యాడన్నా ఇంగొకటి దాచిపెట్టుండావేమో అడుక్కోని రమ్మనింది."